చిన్న పట్టణానికి కొత్త రూపు: ప్లాన్‌లో ఊరివాళ్లను కలుపుకోవడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉత్తర తెలంగాణలోని చిన్న మున్సిపాలిటీల్లో వార్డు కమిటీ సభ్యులు, కౌన్సిలర్లు, మహిళా సంఘాల అక్కలు, బజారు బండ్లవాళ్లు, కిరాయి ఇళ్లల్లో ఉండేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. పరకాలకు, నర్సంపేటకు వర్తించేదే చాలావరకు కోరుట్లకు, నిర్మల్‌కు, బెల్లంపల్లికీ వర్తిస్తుంది. తేడా ఉన్నచోట చెప్పాను.

పట్టణ పునరుద్ధరణ అంటే రోడ్డు వెడల్పు, సెంట్రల్ లైటింగేనా?

అవి కంటికి కనబడే పనులు కాబట్టి ముందు అవే మొదలవుతాయి. డివైడరు, మధ్యలో లైట్లు, చౌరస్తాలో ఫౌంటెన్, చెరువు కట్ట మీద ఊరి పేరు రాసిన పెద్ద అక్షరాలు. వాటిని వద్దనను. కానీ పాత బజారులో సగం షట్టర్లు దించే ఉంటే, వాన పడ్డ ప్రతిసారీ కింది వాడలోకి మోరీ నీళ్లు వస్తుంటే, బీటెక్ చదివిన పిల్లలంతా హైదరాబాద్ బస్సెక్కుతుంటే ఆ లైట్లతో ఊరు కోలుకోదు. అంగడి ఎక్కడ నిలబడాలి, వాననీళ్లు ఎటు పోవాలి, మూతపడ్డ మిల్లు స్థలం ఎవరికి పనికి రావాలి, ముసలివాళ్లు ఆసుపత్రికి ఎలా నడిచిపోవాలి, ఏ పని దొరికితే పిల్లలు ఇక్కడే ఉంటారు అన్నవన్నీ ఇందులోకే వస్తాయి.

ప్లాన్ గీసేది ఇంజినీర్లు, ప్లానర్లు. మమ్మల్ని అడిగితే వచ్చే లాభమేంది?

పటంలో లేనివి మీ దగ్గర ఉన్నాయి.

నీళ్ల సంగతే తీసుకోండి. మన ఊళ్లు కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టు చెరువుల మీద లేచినవి. పై చెరువు మత్తడి దుంకితే నీళ్లు కింది చెరువుకు పోయేవి. ఆ కాలువల మీదికి ఇళ్లు వచ్చాక నీళ్లు ఎటు పోతాయో 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు అందరం చూశాం. నయీంనగర్ నాలా పొంగితే ఏ గల్లీలో ఎంత లోతు నీళ్లు నిలబడతాయో అక్కడ ఉండేవాళ్లు గోడమీది మరక చూపించి చెప్తారు. చిన్న పట్టణంలో ఈ సమాచారం రికార్డుల్లో ఇంకా తక్కువ. 'మా చిన్నప్పుడు ఈ సీసీ రోడ్డు జాగల వాగు పారేది' అని ఒక ముసలాయన అన్నారంటే, ఆ మాటను రాసుకుని లెవల్స్ తీసి చూడాలి. పైపు సైజు ఎంతుండాలో ఇంజినీరు లెక్క కడతారు. ఆ పైపు ఏ గల్లీలో వేయాలో ముందు ఊరు చెప్పాలి.

ఇక రోజువారీ నడక. కూరగాయల మార్కెట్‌ను ఊరి బయట మంచి షెడ్డు కట్టి మారుస్తారు. షెడ్డు ఖాళీగా ఉంటుంది, అమ్మేవాళ్లు మళ్లీ బస్టాండు ముందే గోనెసంచి పరుస్తారు. వాళ్లకు క్రమశిక్షణ లేదంటారు అధికారులు. చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లవారుజామున మొదటి బస్సుకు సొరకాయలు, తోటకూర గంపతో దిగే ఆమె, ఆ గంపను నెత్తిన పెట్టుకుని కిలోమీటరు నడవలేదు. ఆటోకు పెడితే ఆ పూట లాభం ఆటోకే పోతుంది. ఈ మాట ఆమెను ముందే అడిగితే తెలిసేది, షెడ్డు బస్టాండు దగ్గరే వచ్చేది, పెట్టిన డబ్బూ దక్కేది.

ఇది దయతో చేసే పనా, చట్టంలో ఉందా?

చట్టంలో ఉంది. 1992లో తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను మున్సిపాలిటీలు చేయదగ్గ పనుల జాబితాలో పెట్టింది. ఆ సవరణ ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయింది 3 లక్షల జనాభా దాటిన చోట్లకే. తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019 దాన్ని చిన్న పట్టణాలకూ తెచ్చింది. ప్రతి వార్డుకూ యువత, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు, ఒక్కో కమిటీలో 15 మంది. అంటే వార్డుకు 60 మంది. 2020 ఫిబ్రవరిలో పట్టణ ప్రగతి అనే ప్రభుత్వ కార్యక్రమం మొదలైనప్పుడు చాలాచోట్ల పేర్లు రాసి కమిటీలు వేశారు. మీ వార్డు జాబితాలో ఎవరి పేర్లున్నాయో మున్సిపల్ ఆఫీసులో అడిగి చూడండి. తమ పేరు ఉందని తెలియని సభ్యులు నాకు చాలామంది తారసపడ్డారు.

ప్రజలను ఏ దశలో పిలవాలి?

గీత గీయకముందు. నా వరకు అన్నింటికన్నా ముఖ్యమైన జవాబు ఇదే.

మన దగ్గర ఇప్పుడు జరిగేది వేరు. ప్లాన్ తయారవుతుంది, ముసాయిదా ప్రకటిస్తారు, అభ్యంతరాలుంటే చెప్పమంటారు. అప్పటికి రంగులు నింపేసి ఉంటాయి. తన పొలం మీద పారిశ్రామిక జోన్ రంగో 100 అడుగుల రోడ్డో చూసుకున్న రైతుకు ఇక మాట్లాడే అవసరం కనిపించదు, పోరాడే అవసరమే కనిపిస్తుంది. కామారెడ్డిలో జరిగింది అదే. ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో పొలాలు పారిశ్రామిక జోన్‌లోకి పోయాయని 2023 జనవరిలో రైతులు కలెక్టరేట్ ముట్టడించారు, చివరికి మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే నెలలో జగిత్యాల మాస్టర్ ప్లాన్ కూడా అదే దారిన వెనక్కి పోయింది. అంతకుముందు ఏడాది వరంగల్ చుట్టూ ఔటర్ రింగు రోడ్డు వెంట 27 గ్రామాల్లో 21 వేల ఎకరాలకు పైగా ల్యాండ్ పూలింగ్ (రైతుల భూములు తీసుకుని, అభివృద్ధి చేసి, కొంత ప్లాట్లుగా తిరిగి ఇచ్చే పద్ధతి) అంటే ఊళ్లకు ఊళ్లు కదిలాయి, ప్రభుత్వం ఆ ఉత్తర్వును ఉపసంహరించుకుంది.

మూడు చోట్లా రైతులే గెలిచారు, గెలవాల్సిందే. కానీ ఆ పట్టణాలకు ప్లాన్ అవసరం అలాగే మిగిలింది. ఏళ్ల పని, కన్సల్టెంట్ల ఫీజు, అన్నిటికంటే మించి నమ్మకం పోయాయి. మాస్టర్ ప్లాన్ అనే మాట వింటేనే భూమి పోతుందని జనం భయపడే పరిస్థితి వచ్చింది. మొదటి గీతకు ముందే ఆ రైతులను కూర్చోబెట్టి 'పట్టణం పెరుగుతోంది, ఎటు పెరిగితే ఎవరికి ఎంత నష్టం' అని అడిగి ఉంటే గొడవ అసలు రాదనను. వచ్చినా పొలం గట్టు దగ్గరే తేలేది.

సభ పెడితే పది మందే వస్తారు. వాళ్లలో మాట్లాడేది ముగ్గురే. ఏం చేయాలి?

పొద్దున పదకొండుకు మున్సిపల్ హాలులో పెడితే అంతమందే వస్తారు. ఆ టైముకు కూలీ అడ్డా మీద నిలబడ్డవాళ్లు పనికి పోయి ఉంటారు, దుకాణందారు గల్లా వదిలి రాలేడు, ఇంట్లో ఆడవాళ్లకు వంట ఉంటుంది. వచ్చేది మాజీలు, పదవులున్నవాళ్లు, ఖాళీగా ఉన్నవాళ్లు. వాళ్ల మాటే ఊరి మాటని మినిట్స్‌లో రాస్తారు.

కాబట్టి సభను జనం ఉన్న చోటికి తీసుకుపోవాలి. కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్ వైపు బీడీలు చేసే వాడల్లో నేను నేర్చుకున్నది ఇది: మధ్యాహ్నం అరుగు మీద ఒళ్లో చాట పెట్టుకుని నలుగురైదుగురు కూర్చుంటారు. చేతులు ఆకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ, దారం చుడుతూ ఉంటాయి, నోరు ఖాళీయే. పక్కన కూర్చుని 'అక్కా, పిల్లలను బడికి ఏ దారిలో పంపుతరు?' అని అడిగితే గంటసేపు చెప్తారు. ఏ మూల మీద కుక్కలు, ఏ వైన్సు ముందు నుంచి అమ్మాయిలు పోలేక చుట్టు తిరిగి పోతారు, ఏ లైటు ఎన్ని నెలలుగా వెలగదు, అన్నీ వస్తాయి. అదే అక్కను హాలులో మైకు ముందు నిలబెడితే 'అంతా మంచిగనే ఉంది సారు' అని కూర్చుంటుంది.

మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఉన్న పొదుపు సంఘాలు మనకు పెద్ద ఆసరా. సంఘం మీటింగు ఎలాగూ జరుగుతుంది, సంఘాలను చూసుకునే ఆర్పీకి (రిసోర్స్ పర్సన్) ప్రతి ఇల్లూ తెలుసు. ఆ మీటింగులో అరగంట అడగండి, వేరే సభ అక్కర్లేదు. అయితే ఆర్పీతో సంతకాలు మాత్రం సేకరింపజేసి 'మహిళలను సంప్రదించాం' అని రాసుకోవద్దు. అది మోసం.

యువతకు సాయంత్రం గ్రౌండు దగ్గర, సిరిసిల్లలో సాంచెల (మరమగ్గాల) కార్మికులకు షిఫ్టు మారే వేళ, రైతులకు మార్కెట్ యార్డులో వడ్లు కాంటా కోసం ఎదురుచూసే చోట. డప్పు చాటింపు ఇంకా పనిచేస్తుంది, వాట్సాప్ గ్రూపులో లేనివాళ్ల ఇంటి దాకా పోయేది అదొక్కటే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ల మాట ఎలా తెలుసుకోవాలి?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ జిల్లాల్లో ఈ ప్రశ్న తప్పదు. ఇల్లు కట్టుకున్నది దుబాయ్‌లోనో మస్కట్‌లోనో చెమటోడ్చి, ఇంటికి మాత్రం తాళం, లేదంటే ముసలి తల్లి. నోటీసు గోడకు అంటిస్తే అతనికి తెలిసేది రోడ్డు మార్కింగ్ పడ్డాక. అక్కడ వాళ్లకు సెలవు ఏ రోజో కనుక్కుని ఆ రోజు ఫోన్ మీటింగు పెట్టండి, వాయిస్ మెసేజీలో అభిప్రాయం పంపమనండి, దాన్ని కాగితం మీద రాసి మిగతా వాటితో సమానంగా రికార్డులో పెట్టండి.

కుల సంఘాల పెద్దలతో, గ్రామాభివృద్ధి కమిటీతో మాట్లాడితే సరిపోదా?

సరిపోదు. వాళ్లను తప్పక పిలవండి, వాళ్ల దగ్గర జనాన్ని కదిలించే శక్తి ఉంది. కానీ నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో ఈ కమిటీలు కొన్ని కుటుంబాలను సాంఘిక బహిష్కరణ చేసిన, జరిమానాలు వేసిన సంగతులు పోలీసు స్టేషన్ల దాకా వెళ్లాయి. అలాంటి చోట పెద్దమనుషుల ముందు దళితవాడ మనిషి తన మాట నిర్భయంగా చెప్పలేడు. కులపెద్ద మాటలో ఆ కులం ఆడవాళ్ల మాట కూడా కలిసిందని అనుకోలేం. వాడకు వాడగా, ఆడవాళ్లను విడిగా, పెద్దలు లేనప్పుడు ఒకసారి అడగాలి. ఈ విషయంలో మొహమాటం వద్దు.

కమిటీలు మంచిగా పనిచేసిన ఊరు కూడా మన దగ్గరే ఉంది. వరంగల్ పక్కన గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో నీళ్లకు, పారిశుధ్యానికి, ఇలా ఒక్కో పనికి ఒక్కో కమిటీ వేసుకున్నారు. 2007లో నిర్మల్ గ్రామ పురస్కారం వచ్చింది. అది పల్లె, పట్టణం కాదు. అయినా అక్కడి నుంచి తీసుకోదగ్గది ఉంది: పదవి ఒకరిద్దరి చేతిలో పడకుండా పని చాలామందికి పంచారు.

పటం చూస్తే మాకు ఏమీ అర్థం కాదు. ఎలా?

తప్పు పటానిది. ఏ3 కాగితం మీద ఇంగ్లిషులో, సర్వే నంబర్లతో, పది రంగులతో ఇస్తే చదువుకున్నవాళ్లకూ అర్థం కాదు.

వార్డు పటాన్ని ఫ్లెక్సీ మీద మంచమంత పెద్దగా ప్రింటు తీయించి నేలమీద పరవండి. ఉత్తరం ఎటు అని మొదలుపెట్టొద్దు. పోచమ్మ గుడి, బొడ్రాయి, వేపచెట్టు, వాటర్ ట్యాంకు, రేషన్ దుకాణం గుర్తించమనండి. ఐదు నిమిషాల్లో తమ ఇల్లు తామే వేలు పెట్టి చూపిస్తారు. తర్వాత చింతగింజలు ఇచ్చి నీళ్లు నిలబడే చోట పెట్టమనండి, పసుపు చల్లి రాత్రి భయపడే చోటు చూపించమనండి. ఒకచోట పటంలో ఖాళీ స్థలం అని ఉన్న జాగాలో ఒకామె గింజలన్నీ కుప్పగా పోసింది. అది ఖాళీ స్థలం కాదు, వాడ ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడుకునే చోటు, మిగతా రోజుల్లో వడియాలు ఎండబెట్టే చోటు. దాన్ని పార్కింగ్‌గా రాసుకున్న ప్లానర్ అక్కడే ఆ గుర్తు కొట్టేశారు.

ఆ తర్వాత కాళ్లతో నడవాలి. ప్లానర్, వార్డు ఆఫీసరు, పది మంది వాడవాళ్లు కలిసి ఆ గుర్తుల వెంట నడిస్తే మిగతాది తేలుతుంది. ఒక నడక ఎండాకాలంలో, ఇంకొకటి వాన పడ్డ మరునాడు.

బండ్లవాళ్లను, ఫుట్‌పాత్ మీద అమ్మేవాళ్లను ఏం చేయాలి?

తీసేయడం గురించి మాట్లాడేముందు వీధి వ్యాపారుల చట్టం 2014 చదవాలి. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే, అదీ వాళ్లలో వాళ్లు ఎన్నుకున్నవాళ్లే ఉండాలి. ఆ సభ్యుల్లో మూడో వంతు మహిళలు. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చోటు మార్చాలంటే 30 రోజుల నోటీసు. మీ పట్టణంలో ఆ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో అడగండి. మిర్చీ బండి, చాయ్ బండి ఊరి బజారుకు ప్రాణం. వాటిని తుడిచేసి తర్వాత ఫుడ్ కోర్టు కట్టిన ఊళ్లు ఉన్నాయి. మొదట అక్కడ బండి పెట్టుకున్నవాళ్లకు అందులో కిరాయి కట్టే స్తోమత ఉండదు.

మిల్లు, గని మూతపడ్డ ఊళ్లకు ఇవే పద్ధతులా?

పద్ధతులు అవే, బాధ వేరు. కాగజ్‌నగర్‌లో పేపరు మిల్లు 2014లో ఆగి 2018లో కొత్త యాజమాన్యం కింద మళ్లీ నడిచింది. ఆ నడుమ నాలుగేళ్లు ఊరి కిరాణా దుకాణాల అప్పు పుస్తకాలు చూసినవాళ్లకు తెలుసు, ఒకే మిల్లు మీద ఊరంతా ఆధారపడితే ఏమవుతుందో. మంగపేట మండలం కమలాపురంలోనూ 2014లోనే రేయాన్ గుజ్జు ఫ్యాక్టరీ ఆగింది. బెల్లంపల్లిలో గనులు ఒక్కొక్కటిగా మూతపడుతూ కుటుంబాలు వలసపోయాయి. వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహి మిల్లు మూతపడ్డాక ఆ స్థలం ప్లాట్లయిపోయింది. తరాల తరబడి అక్కడ పనిచేసిన కుటుంబాలను ఆ భూమి ఏం కావాలని ముందు అడగాల్సింది.

ఇలాంటి ఊళ్లలో మొదటి ప్రశ్న 'ఏం కట్టాలి' అని పెట్టకండి. 'మీ చేతుల్లో ఏ పని ఉంది' అని అడగండి. ఫిట్టర్, వెల్డర్, ఎలక్ట్రీషియన్, టర్నర్ రిటైరై ఊళ్లోనే ఉంటారు. ఖాళీ షెడ్డు, ఆ చేతులు కలిస్తే ఒక వర్క్‌షాపో, పిల్లలకు ట్రైనింగో మొదలవుతుంది. సింగరేణి ఊళ్లలో ఇంకో చిక్కు, భూమి కంపెనీది. ఇంటి స్థలాల క్రమబద్ధీకరణకు ప్రభుత్వం జీవో 76 తెచ్చింది. తన ఇంటికి పట్టా లేని మనిషికి ఊరి ప్లాన్ గురించి మాట్లాడే ధైర్యం ఎక్కడిది? ముందు ఆ సంగతి తేల్చాలి.

రోడ్డు వెడల్పులో మా ఇంటి ముందుభాగం పోతుందంటున్నారు. మేమేం అడగాలి?

ఆ వెడల్పు ఎందుకో ముందు అడగండి. బైపాస్ ఉంటే పాత బజారులో అంత వెడల్పు అవసరమా? ఒకవైపు వాహనాలు పంపితే చాలదా? పరిహారంగా టీడీఆర్, అంటే డబ్బుకు బదులు వేరేచోట అదనంగా కట్టుకునే, లేదా అమ్ముకునే హక్కు కాగితం ఇస్తామంటే ఆలోచించండి. దాన్ని కొనేది ఎత్తైన కట్టడాలు కట్టేవాళ్లు, వాళ్లు పెద్ద నగరాల్లో ఉంటారు. అపార్ట్‌మెంట్లే లేని చిన్న పట్టణంలో ఆ కాగితం కొనేవాళ్లు దొరకడం కష్టమని నా అభిప్రాయం. 2013 భూసేకరణ చట్టం ప్రకారం డబ్బు అడిగే హక్కు మీకుంది. నోటిమాట మీద, ముఖ్యంగా రాత్రికి రాత్రి సంతకాలు పెట్టొద్దు. ఇంట్లో కిరాయికి దుకాణం నడిపేవాళ్లు ఉంటే వాళ్ల నష్టం కూడా రాయించండి.

అడిగితే ఖర్చు కదా, డబ్బు ఎక్కడిది?

ఫ్లెక్సీ పటం, చాయ్, ఒక మనిషి జీతం. కట్టాక వదిలేసిన షెడ్డు కంటే చాలా తక్కువ. అంతకంటే అసలైన ప్రశ్న, బడ్జెట్‌లో ఎంత భాగం వార్డు నిర్ణయానికి వదులుతారు? బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రెలో 1989 నుంచి జనమే పనుల వరుస తేల్చారు. పుణెలో 2006 నుంచి పౌరులు వార్డు పనులు సూచిస్తున్నారు. కేరళ 1996లో ప్రణాళిక నిధుల్లో 35 నుంచి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చాకే అక్కడి సభలకు బలం వచ్చింది. చేతిలో పైసా లేని సభకు జనం రెండోసారి రారు. మన మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంటోంది. ఏ మొక్క, ఏ వాడలో, ఎవరు నీళ్లు పోస్తారు అన్నది వార్డుకు వదిలి మొదలుపెట్టొచ్చు.

కమిషనర్ బదిలీ అయితే, పాలకవర్గం గడువు ముగిస్తే?

అందుకే అన్నీ కాగితం మీద ఉండాలి. కౌన్సిల్ తీర్మానం చేయించండి. ప్రత్యేకాధికారి పాలన ఉంటే ఆయనకే ఇచ్చి రసీదు తీసుకోండి. వార్డు పటాల ఫొటోలు, మినిట్స్ ఒక కాపీ గ్రంథాలయంలో, ఒక కాపీ సంఘం దగ్గర ఉంచండి.

మేం చెప్పింది ఏమైందో తెలిసేదెలా?

ప్రతి సూచన పక్కన మూడు గళ్లు ఉండాలి: ఒప్పుకున్నారా, లేదా, ఎందుకు. ఆ పట్టికను తెలుగులో రాసి ఎక్కడ అడిగారో అక్కడే అంటించాలి. 'సాధ్యం కాదు, ఎందుకంటే ఆ స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దులో) ఉంది' అంటే జనం ఒప్పుకుంటారు. జవాబే లేకపోతేనే కోపం. పట్టిక పెట్టకపోతే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయలతో దరఖాస్తు వేయండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

మా పట్టణంలో ముసాయిదా ఇప్పటికే వచ్చేసింది. ఇంకేం చేయలేమా?

చేయొచ్చు, గడువు లోపల. ముసాయిదా ప్రకటనలో అభ్యంతరాలకు చివరి తేదీ చూడండి. ఆఫీసులో పెద్ద పటం చూపించమని అడగండి, ఫొటో తీసుకోండి. మీ సర్వే నంబరు, ఇంటి నంబరు మీద ఏ రంగు పడిందో రాసుకోండి. వాడంతా కలిసి ఒక దరఖాస్తు ఇచ్చినా, నష్టపోయే ప్రతి ఇల్లూ విడిగా ఒకటి ఇవ్వాలి. 'మాకు వద్దు' అని ఆపకుండా బదులుగా ఏది కావాలో ఒక్క వాక్యమైనా రాయండి: రోడ్డు ఆ పక్క నుంచి, మార్కెట్ ఈ చోట, నాలా ఇంత వెడల్పు. రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అక్కడ తీసుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణిలో ఇచ్చి టోకెన్ నంబరు అడగండి.